మొగలి పొదకూ ఒక లెక్క ఉండాలి

(ఉద్దానం తీరప్రాంత రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో జీడిపిక్కల ధర గురించి మాట్లాడుకున్నాం. కొబ్బరికి పట్టిన తెల్లదోమ గురించి మాట్లాడుకున్నాం. కిడ్నీ జబ్బుతో పోతున్న మన మనుషుల గురించి ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి మొగలి గురించి మాట్లాడతామని చెప్పగానే కొందరు నవ్వారు. "డొంక గురించి ఉపన్యాసం ఏమిటండీ? దానికి నీళ్లు పెట్టామా, ఎరువు వేశామా, అప్పు తెచ్చామా?" అన్నారు.

నిజమే, ఏమీ చెయ్యలేదు. మనం ఏమీ చెయ్యకపోయినా అది మనకు చేస్తూనే ఉంది. వానాకాలంలో తీరం వెంట చాలా ఇళ్లలో పొద్దున్నే చేతికొచ్చే డబ్బు మొగలిపూవుదే. ఉప్పుగాలి నేరుగా జీడి పూత మీదికి కొట్టకుండా, ఇసుక మళ్ల మీదికి రాకుండా అడ్డం నిలబడేది ఆ పొదే. అయినా అది పంట కాదు. అడంగల్‌లో లేదు, బ్యాంకు అప్పులో లేదు, బీమాలో లేదు, నష్టపరిహారంలో లేదు. బ్రహ్మ పక్షాన అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు మొగలిపూవు తన పూజకు పనికిరాదని శివుడు శపించాడని మన పెద్దలు చెప్పేవారు. సర్కారు లెక్కకు కూడా పనికిరాకుండా పోవడానికి అది ఏ అబద్ధం చెప్పిందో మాకైతే తెలియదు.

ఈ రోజు రెండు సంగతులు చెప్పదలిచాం. ఒకటి, మొగలిని నాటి పెంచుకునే పద్ధతి. రెండు, దాన్ని లెక్కలోకి ఎక్కించుకునే పద్ధతి. మొదటిది మన చేతిలో ఉన్న పని. పంటలా చూసుకోని దాన్ని పంటగా గుర్తించమని అడిగితే ఎవరూ వినరు.

మేము చేసిన తప్పు

ముందుగా మా ఊళ్లో మేము చేసిన తప్పు చెప్పుకోవాలి.

మొగలిలో ఆడ పొద వేరు, మగ పొద వేరు. తెల్లటి రేకులతో ఊరంతా గుబాళించే పూవు మగ పొదది. మన ఆడవాళ్లు జడలో పెట్టుకునేది, బట్టల పెట్టెలో దాచుకునేది, వ్యాపారి కొనేది అదే. ఆడ పొద కాయ కాస్తుంది. చూడ్డానికి అనాసపండులా ఉంటుంది, పండితే ఎర్రబడుతుంది. దాన్ని కొనే నాథుడు లేడు. పూల ధర బాగున్న రోజుల్లో మా ఊళ్లో కొందరం కూర్చుని లెక్క వేశాం. సముద్రం వైపు గట్టు మీద సగం ఆడ పొదలే ఉన్నాయి, వాటిని పీకేసి అన్నీ మగవే నాటితే ఆదాయం రెట్టింపు అవుతుందనుకున్నాం. గొడ్డళ్లు పట్టుకుని రెండు రోజుల్లో గట్టు ఖాళీ చేశాం. అది చూసి మా సంఘంలో ఒక అక్క అంది: "పూసేవాడికి ధర, కాసేదానికి గొడ్డలా?" నవ్వేసి ఊరుకున్నాం.

మగ కొమ్మలు తెచ్చి నాటాం. నాటింది దసరా వెళ్లాక. వానలు అప్పటికే వెనక్కి పోయాయి. ఉప్పునేలలో బతికే మొక్కే కదా, నీళ్లెందుకని వదిలేశాం. ఎండలు ముదిరేసరికి చాలా వరకు మాడిపోయాయి. ఆ ఖాళీ అలా ఉండగానే 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది.

ఆ పొద్దు ఉద్దానం ఎలా ఉందో మీకు చెప్పక్కర్లేదు. తరాల కొబ్బరి, జీడి, పనస నేల మీద పడుకున్నాయి. అంత గాలిని మొగలి గట్టు ఆపిందని మేము అనం. ఏ పొదా ఆపలేదు. అయితే మొగలి వరస తెగకుండా ఉన్న చోట ఇసుక ఆ గట్టు దగ్గరే ఆగింది. మేము ఖాళీ చేసిన చోటు నుంచి లోపలికొచ్చి కూరగాయల మళ్లను కప్పేసింది. తట్టలతో ఎత్తి పోశాం, ఆ ఏడాదంతా అదే పని. చెట్టు పడితే మళ్లీ నాటుకుంటాం. మట్టి మీద ఇసుక పడితే ఏం నాటుతాం?

కంచె చేను మేసిందని సామెత. మేము చేను పేరు చెప్పి కంచెను మేశాం.

ఆడ పొద ఉత్తది కాదని అప్పుడు తెలిసొచ్చింది. దాని కాయ విడిపోయి గింజలు నీళ్ల మీద తేలతాయి, అలలు వాటిని ఒడ్డుకు చేరుస్తాయి, ఇసుక దిబ్బ మీద మొలకెత్తుతాయి. దిబ్బ మీద కొత్త పొదలు రావాలంటే ఆడ పొద కావాలి. ఊడలు దింపి నేలను పట్టుకోవడంలో ఆడకూ మగకూ తేడా లేదు.

ఎక్కడ నాటాలి

మొగలి ఉప్పును ఓర్చుకుంటుంది. ఆకు మందం, పైన మైనం పూసినట్టు నున్నగా ఉంటుంది. ఆకు దోనెలా వంగి, పడ్డ వాన చినుకును, మంచును మొదలు వైపు జార్చుకుంటుంది. కాండం నుంచి దిగే ఊడలు ఇసుకలోకి పోయి నాలుగు వైపులా కాళ్లలా నిలబెడతాయి. అందుకే సముద్రానికి ఎదురుగా, మరో చెట్టు నిలవని చోట అది నిలబడుతుంది.

కానీ ఉప్పుగాలిని ఓర్చుకోవడం వేరు, ఉప్పునీటిలో నానడం వేరు. ఎప్పుడో ఒకసారి పోటు నీరు వచ్చి తీసిపోతే ఏమీ కాదు. రొయ్యల చెరువు నీరు వదిలిన పల్లంలో రోజుల తరబడి మొదలు మునిగి ఉండే చోట నాటకండి. నీరు ఇంకే ఇసుక నేల, ఇసుక కలిసిన గరప నేల, గట్లు, గెడ్డ ఒడ్డులు దానికి తగిన చోట్లు.

రెండు వరసలుగా వెయ్యండి. సముద్రం వైపు వరస కాపలాకు. అందులో ఆడ, మగ ఏది ఉంటే అది ఉండనివ్వండి, ఒక్క పొదనూ తియ్యకండి, కొమ్మ కొట్టకండి. లోపలి వరస పూల కోసం. అందులో మగ పొదలే నాటుకోండి. ఒక వరసలో రెండు పొదల మధ్య ఖాళీ వచ్చిన చోట రెండో వరస పొద వచ్చేలా చూసుకుంటే గాలికి దారి దొరకదు.

కొమ్మ ఎంపిక, నాటు

గింజ మొక్క పెంచితే అది ఆడో మగో పూసేదాకా తెలియదు. పూయడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అన్నేళ్లు కాపు కాసి చివరకు కాయ చూసుకోవడం కన్నా కొమ్మ నాటడం మేలు. మగ పొద కొమ్మ నాటితే మగదే వస్తుంది.

తల్లి పొదను వానాకాలంలో, పూత మీద ఉండగానే గుర్తుపెట్టుకోవాలి. వాసన బాగా ఉన్నదీ, పూవు పొడవుగా వచ్చేదీ, ఏటా తప్పకుండా పూసేదీ చూసి మొదట్లో సున్నం పూయండి. పూత లేనప్పుడు వెళితే అన్నీ ఒకేలా కనబడతాయి, మోసపోతాం.

నాటేది మరుసటి ఏడు తొలకరికి, జూన్, జూలైలలో. మణికట్టు లావు పక్క కొమ్మ, మొదట్లో ఊడల మొటికలు కనబడేది, మూరన్నర పొడవున కొయ్యండి. పాత ఆకులు తీసేసి మిగిలిన ఆకులు సగానికి కత్తిరించండి. లేకపోతే వేరు పట్టకముందే ఆకు నీరంతా లాగేస్తుంది. కోసిన మొదలు ఆరడానికి రెండు మూడు రోజులు నీడలో ఉంచండి. అడుగున్నర గొయ్యి తీసి, అడుగున కొబ్బరి పీచు పరిచి, చివికిన పశువుల ఎరువు ఇసుకతో కలిపి వెయ్యండి. పీచు మనకు కొరత లేదు కదా. అది తడిని పట్టి ఉంచుతుంది. కొమ్మను మూడో వంతు లోపలికి దించి మొదలు గట్టిగా తొక్కండి. మొక్కకూ మొక్కకూ ఏడెనిమిది అడుగులు వదలండి.

ఆపైన మేము నేర్చుకున్న పాఠం: మొదటి రెండు ఎండాకాలాలు మంచినీళ్లు పొయ్యాలి. వారానికొక కుండ నీళ్లు చాలు. పెద్దయ్యాక ఉప్పుగాలికి జంకని పొద కూడా పసితనంలో మంచినీళ్లే అడుగుతుంది. ముదురు ఆకు ముళ్లకు మేకలు దూరంగా ఉంటాయి గానీ లేత చిగురును వదలవు. కాబట్టి మొదటి ఏడాది కంప కట్టండి.

సంరక్షణ

వేరు నిలిచాక పని తక్కువ, కానీ ఉంది.

ఏడాదికొకసారి, చలికాలంలో, వేలాడే ఎండాకులు కోసి దూరంగా వెయ్యండి. జీడిపిక్కలు ఏరుకోవడానికి తోట అడుగు ఊడ్చి ఆకు కాల్చడం మనకు అలవాటు. ఆ నిప్పురవ్వ మొగలి ఎండాకుల్లో పడితే గట్టంతా ఒక్క పూటలో పోతుంది. కాబట్టి మొగలి గట్టు పక్కన నిప్పు పెట్టకండి.

ఊడలు నరకకండి. తాళ్లకు, సున్నం కుంచెలకు ఊడలు కొట్టుకుపోయేవాళ్లు ఉన్నారు. ఆ ఊడలే పొదకు కాళ్లు. నాలుగు కొడితే వచ్చే గాలివానకు పొద ఒరిగిపోతుంది.

తొలకరికి పొదకొక తట్ట ఎరువు వెయ్యండి. ఆకు మొదళ్లలో పిండినల్లి కనిపిస్తే ముందు నీళ్లతో గట్టిగా కొట్టి కడగండి, తగ్గకపోతే వేపనూనె కలిపిన సబ్బు నీళ్లు కొట్టండి. పూత మీద ఘాటు మందులు వద్దు. ఈ పూవు తినే వస్తువుల్లోకి పోతుందని గుర్తుంచుకోండి.

కోత

పూవు కొమ్మ చివర వస్తుంది. పూసిన చోటు నుంచి మళ్లీ పక్క చిగుళ్లు వేస్తుంది. అందుకని పూవు కిందనే కొయ్యాలి. అందడం లేదని కొమ్మను మూరెడు నరికితే వచ్చే ఏటి పూలు కూడా నరికినట్టే. బాగా ముదిరిన మగ పొద ఏడాదికి 30 నుంచి 40 పూల దాకా ఇస్తుంది, ఎక్కువ భాగం వానాకాలంలోనే.

కోత సూర్యుడు రాకముందే. ఎండెక్కితే వాసన ఎగిరిపోతుంది. దోటికి కొడవలి కట్టి, చేతులకు మందపాటి బట్ట చుట్టుకుని, కాళ్లకు బూట్లు వేసుకుని దిగండి. మొగలి వాసనకు పాములు వస్తాయని అంటారు. పాము వచ్చేది వాసనకు కాదు, పొద కింద చల్లదనానికీ, అక్కడ తిరిగే ఎలుకలకీ. ఎందుకు వచ్చినా కాటు కాటే. టార్చిలైటు లేకుండా, ఒంటరిగా పొదలోకి దిగవద్దు. కరిస్తే మంత్రగాడి దగ్గర పొద్దు గడపకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ధర ఎవరి చేతిలో ఉంది

తెల్లవారుజామున పూవు కోస్తాం. ఆ పొద్దుటికే అమ్ముకోవాలి. దాచుకునే సరుకు కాదు. ఇది వ్యాపారికి తెలుసు. పొద్దున ఒక ధర, ఎండెక్కాక ఇంకో ధర. ముందే అడ్వాన్సు తీసుకున్న ఇంట్లో ధర అడిగే నోరే ఉండదు.

మన పొరుగున ఒడిశా గంజాం జిల్లాలో ఈ పూవును కేవడా అంటారు. ఛత్రపురం, రంగేయిలుండ, చికిటి వైపు తీరమంతా దీని మీద బట్టీలు ఉన్నాయి. పెద్ద రాగి పాత్రలో పూలు, నీళ్లు వేసి, మూత చుట్టూ మట్టి మెత్తి కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా నీళ్లలో దించిన ఇంకో రాగి పాత్రలోకి పోయి చల్లబడుతుంది. రెండో పాత్రలో గంధపు నూనె ఉంటే ఆ వాసనను పట్టి అత్తరవుతుంది. ఉత్త నీరుగా పట్టుకుంటే అది కేవడా జలం, బిర్యానీలో, మిఠాయిల్లో వేసేది. సరుకులో ఎక్కువ భాగం ఉత్తరప్రదేశ్ కనౌజ్ వ్యాపారుల దాకా పోతుంది. గంజాం కేవడా పేరుకు భౌగోళిక గుర్తింపు కూడా సంపాదించుకున్నారు. గంజాం రైతు మనకు పోటీ కాదు. బరంపురం చుట్టూ మన తెలుగు వాళ్లు ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. ఇచ్ఛాపురం దాటితే రాష్ట్రం మారుతుంది గానీ ఇసుక మారదు, గాలి మారదు, 2013లో ఫైలిన్ తుపాను వాళ్ల మీద పడింది, 2018లో తిత్లీ మన మీద పడింది. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది: పూవును పూవుగా అమ్మితే పూట విలువే వస్తుంది, నీరుగానో నూనెగానో మార్చితే దాచుకుని అమ్మే వీలు వస్తుంది.

ఇంకో చేదు నిజం కూడా మాట్లాడుకోవాలి. ఈ వాసనను ఎక్కువగా వాడేది పాన్‌మసాలా, గుట్కా, జర్దా వ్యాపారం. 2012 నుంచి రాష్ట్రాలు ఒక్కొక్కటిగా గుట్కాను నిషేధిస్తూ వచ్చాయి. గుట్కా మంచిదని మేము అనం, మన పిల్లల నోళ్లు పాడుచేసిన సరుకు అది. కానీ ఆ ఒక్క వ్యాపారం మీదే ఆధారపడితే అది కుంటుపడినప్పుడల్లా మన పూవు కుంటుపడుతుంది. దానికి తోడు ఈ పూవు నూనెలో ప్రధానమైన వాసన పదార్థాన్ని ఫ్యాక్టరీలో చౌకగా తయారు చేస్తున్నారు. అసలు పూవుకు ధర నిలవాలంటే తినే సరుకులో వాడే కేవడా జలం వైపు మనం పోవాలి. అది అసలైనదని చెప్పే ముద్ర కావాలి.

లెక్కలో లేనిది ఖాళీ అంటారు

తిత్లీ తరువాత మా ఊరికి లెక్కలకు వచ్చారు. కొబ్బరి చెట్లు లెక్కపెట్టారు, జీడి తోటలు కొలిచారు. మొగలి సంగతి ఏమిటని అడిగాం. "దానికి గడి లేదు" అన్నారు. వాళ్లను తిట్టి లాభం లేదు. చేతిలో కాగితంలో గడి లేకపోతే రాసే మనిషి ఏం రాస్తాడు?

గడి లేకపోతే ఏమవుతుందో సోంపేట బీల మనకు నేర్పింది. వేల మంది రైతులు, మత్స్యకారులు బతికే తడి నేలను కాగితాల మీద పనికిరాని భూమిగా రాశారు. అలా రాశారు కాబట్టే అక్కడికి థర్మల్ విద్యుత్ కేంద్రం రావడానికి దారి పడింది. 2010 జూలై 14న కాల్పుల దాకా పోయింది. బీల ఖాళీ కాదని చెప్పడానికి మన మనుషుల ప్రాణాలు ఇవ్వాల్సి వచ్చింది. రేపు ఇసుక దిబ్బల మీద ఇంకో బోర్డు పెట్టడానికి ఎవరైనా వస్తే, "ఇక్కడేముంది, ముళ్లడొంకే కదా" అంటారు. అప్పుడు చూపించడానికి మన చేతిలో ఒక కాగితం ఉండాలి.

ఏం చేద్దాం

మా ప్రతిపాదనలు ఇవి.

ఒకటి. తీరం వెంట ప్రతి ఊళ్లో మొగలి లెక్క మనమే రాద్దాం. ఎన్ని మగ, ఎన్ని ఆడ, సొంత గట్టు మీదెన్ని, ప్రభుత్వ దిబ్బ మీదెన్ని, ఎవరు కోస్తున్నారు. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

రెండు. ఆ లెక్క పట్టుకుని మొగలిని ఈ-క్రాప్ నమోదులో చేర్చమని అడుగుదాం. నమోదైతేనే బీమా, పరిహారం అడగడానికి కాలు నిలుస్తుంది.

మూడు. పూలు ఊరికొక్క చోట చేరుద్దాం. ఒకే లెక్క, ఒకే ధర. అడ్వాన్సుల అవసరం తీర్చడానికి మహిళా సంఘాల పొదుపులోంచి వానాకాలం చిన్న అప్పులు ఇద్దాం. రెండు మూడు ఊళ్లు కలిసి ఒక చిన్న రాగి బట్టీ పెట్టుకునేందుకు సాయం అడుగుదాం.

నాలుగు. తీర నియంత్రణ మండలి నోటిఫికేషన్లలో, 2011 దాంట్లోనూ 2019 దాంట్లోనూ, ఇసుక దిబ్బలు మొదటి తరగతిలో, అన్నిటికన్నా కట్టుదిట్టంగా కాపాడాల్సిన చోట్లలో ఉన్నాయి. దిబ్బలను, వాటి మీది మొగలిని కాపాడతామని ప్రతి గ్రామసభలో తీర్మానం పెడదాం.

అయిదోది మన కోసం మనం పెట్టుకోవాల్సిన నియమం. పూవు కోసేవాళ్లలో సెంటు భూమి లేనివాళ్లు, గంగమ్మను నమ్ముకున్న ఇళ్ల ఆడవాళ్లు చాలామంది. వాళ్లు కోసేది ఎక్కువగా దిబ్బల మీద పూవు. రేపు మొగలికి ధర వస్తే దిబ్బకు కంచె వేసి వాళ్లను బయటికి నెట్టే మొదటి చెయ్యి మన సంఘం సభ్యుడిది కాకూడదు. దిబ్బ మీద పూవు దాన్ని కోస్తున్న వాళ్లదే. ఈ మాట తీర్మానంలో రాయాలి. ఇది ఒప్పుకోకపోతే మిగతా నాలుగూ మాకు వద్దు.

మా ఊళ్లో ఖాళీ చేసిన గట్టు మీద మళ్లీ నాటాం. ఈసారి తొలకరికి నాటాం, రెండు ఎండాకాలాలు కావిళ్లతో నీళ్లు మోశాం. సముద్రం వైపు వరసకు ఆడ పొదల కాయలు తెచ్చి మొలకలు పోశాం. ఆ అక్కే దగ్గరుండి పోయించింది. ఇప్పుడు ఆ గట్టు మనిషి ఎత్తు దాటింది. పోయినేటి నుంచి లోపలి వరస పూస్తోంది.

ఈ పూత కాలంలోనే తల్లి పొదలకు సున్నం గుర్తులు పెట్టండి. వచ్చే నెల సమావేశానికి ప్రతి ఊరి నుంచీ మొగలి లెక్క రాసిన ఒక కాగితం తీసుకుని రండి. అక్కడి నుంచి పని మొదలుపెడదాం.

సెలవు.